పాత పెద్ద బండి కొంటున్నారా... ముందు వెనక కూర్చోండి!

అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, తాతయ్య, నానమ్మ. సెలవులకు వచ్చిన మేనత్తను కలిపితే ఏడుగురు. వాకిట్లో ఉన్న చిన్న కారులో పట్టేది ఐదుగురే. తిరుపతి వెళ్లాలన్నా, ఊళ్లో పెళ్లికి పోవాలన్నా ప్రతిసారీ అద్దె బండే! ‘మనకే ఓ పెద్ద బండి ఉంటే...’ అన్న మాట అలాంటి ఓ ప్రయాణంలోనే పుడుతుంది.

కొత్తది కొందామంటే, మూడు వరుసల ఎర్టిగా లాంటిది కూడా రోడ్డెక్కేసరికి పది లక్షలకు అటూ ఇటూ అవుతుంది. ఇన్నోవా స్థాయి బండికి ఇరవై లక్షలైనా పక్కన పెట్టుకోవాలి. అందుకే చాలా కుటుంబాల చూపు సెకండ్ హ్యాండ్ వైపు మళ్లుతుంది. అక్కడ ఎస్‌యూవీ, ఎంపీవీ అని ఏ పేరు పెట్టినా మన వీధిలో మాత్రం అది ‘పెద్ద బండే’.

బండి చూడటానికి వెళ్లినప్పుడు ఇంటి పెద్ద నేరుగా స్టీరింగు ముందు కూర్చుంటాడు. ఎక్సలరేటర్ తొక్కుతాడు, స్టీరియో పెడతాడు, ‘పికప్ బాగుంది’ అంటాడు. బేరం మొదలవుతుంది. మరి మనం ఈ బండి కొంటున్నది దేనికోసం? ఆ వెనకున్న మూడో వరుస కోసం! అక్కడ ఎవ్వరూ కూర్చుని చూడరు.

నానమ్మ ఎక్కగలదా?

ఇంటిల్లిపాదినీ వెంట తీసుకెళ్లండి. ముందుగా నానమ్మను ఎక్కమనండి. స్కార్పియో, సఫారీ లాంటివి నేలకు బాగా ఎత్తు. మోకాళ్ల నొప్పులున్నవారికి పక్కన మెట్టు, లోపల పట్టుకోవడానికి పిడి లేకపోతే ప్రతి ప్రయాణమూ పరీక్షే. ఎర్టిగా, ఇన్నోవాల్లో ఆ ఇబ్బంది తక్కువ.

తర్వాత మూడో వరుసలోకి మీరే వెళ్లండి. దారి రెండు రకాలు. మధ్య వరుసలో విడివిడి కుర్చీలుంటే వాటి మధ్య నుంచి దూరిపోవచ్చు. బెంచీ సీటయితే దాన్ని మడిచి పక్క నుంచి ఎక్కాలి. పాత బండ్లలో ఆ మడిచే మీట తుప్పు పట్టి బిగుసుకుపోవడం మామూలే. రెండుసార్లు మడిచి, తెరిచి చూడండి.

కూర్చున్నాక మోకాళ్లు ఎక్కడికొస్తున్నాయో గమనించండి. గడ్డం దగ్గరికి వస్తుంటే అక్కడ నేల ఎత్తుగా, సీటు పల్లంగా ఉందన్నమాట. తొడలకు ఆసరా ఉండదు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా అలా కూర్చున్నవాళ్లు తిరుగు ప్రయాణంలో బస్సు అడుగుతారు! తలకు ఆసరా ఉందా, వెనక అద్దానికీ తలకూ మధ్య కాస్తయినా చోటుందా అన్నదీ ముఖ్యమే. వెనక నుంచి లారీ తగిలితే ముందు దెబ్బ పడేది అక్కడే.

ఏసీ పరీక్షకు మిట్టమధ్యాహ్నాన్ని మించిన ముహూర్తం లేదు. కిటికీలన్నీ మూసి ఇరవై నిమిషాలు మూడో వరుసలో కూర్చోండి. పైకప్పులో గాలి వచ్చే కిటికీలు ఉన్నంత మాత్రాన సరిపోదు, వాటిలోంచి చల్లటి గాలి రావాలి. వెనక ఏసీ పనిచేయని బండ్లను సాయంత్రం చల్లబడ్డాకే చూపిస్తుంటారు.

ఇంతకన్నా పెద్ద విషయం ఒకటుంది. బొలెరో, టవేరా, చాలా రకాల స్కార్పియో, సఫారీ స్టార్మ్‌లలో వెనకవి ఎదురెదురు బెంచీలు. ‘తొమ్మిది మంది పడతారండీ’ అని అమ్మేవాళ్లు చెప్పేది వీటి గురించే. పట్టడం నిజమే. అయితే ఆ బెంచీలకు చాలా బండ్లలో సీటు బెల్టులే ఉండవు. గట్టిగా బ్రేకు వేస్తే కూర్చున్నవాళ్లు పక్కకు జారిపోతారు. పిల్లలు సరదా పడి అక్కడే కూర్చుంటామంటారు కూడా. పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరులో ప్రమాదంలో చనిపోయినప్పుడు వెనక సీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు. వెనక కూర్చుంటే భద్రమన్న నమ్మకం ఎంత బలహీనమో దేశానికంతా తెలిసింది అప్పుడే. అందుకే పిల్లలున్న ఇంటికి ఎదురెదురు బెంచీల బండి వద్దనే నా సలహా, ఎంత చవగ్గా వచ్చినా సరే. ముందువైపు తిరిగిన సీట్లున్న బండిలోనూ పిల్లల్ని మధ్య వరుసలో కూర్చోబెట్టి, పెద్దలు వెనక్కి వెళ్లడం మేలు.

సామాను సంగతి

మూడు వరుసలూ నిండాక బ్యాగులు ఎక్కడ పెడతారు? ఇది చాలామందికి మొదటి ప్రయాణం రోజు పొద్దున గుర్తొస్తుంది. 2012లో వచ్చిన మొదటి తరం ఎర్టిగాలో మూడో వరుస నిలిపి ఉంచితే వెనక మిగిలే చోటు 135 లీటర్లు. 2018 నవంబరులో వచ్చిన రెండో తరంలో అది 209 లీటర్లయింది. అంటే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ల లెక్కన మొదటిదానిలో దాదాపు ఏడు, రెండోదానిలో పది. ఇన్నోవా క్రిస్టాలో 300 లీటర్లు, పదిహేను క్యాన్లన్నమాట. సీఎన్‌జీ ఎర్టిగా అయితే ఆ ఉన్న చోటునూ సిలిండరే ఆక్రమిస్తుంది. పైన క్యారియర్ కట్టించుకోవచ్చు కానీ, ఎత్తయిన బండి నెత్తిన ఇంకో బరువు పెడితే ఘాట్ రోడ్డు మలుపుల్లో ఊగుతుంది. వెనక కూర్చున్నవాళ్లకు వాంతులు ఖాయం.

మరి ఏది?

2005లో వచ్చి 2016 దాకా అమ్ముడైన మొదటి తరం ఇన్నోవాకు ఇప్పటికీ గిరాకీ తగ్గలేదు. మూడో వరుసలో పెద్దవాళ్లు కూడా కూర్చోగలరు, ఏ ఊళ్లోనైనా మెకానిక్ దొరుకుతాడు. చిక్కల్లా ధరే! పదేళ్లు దాటినా యజమాని దిగిరాడు. ఇందులోని 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు ఉంటుంది. లక్ష కిలోమీటర్లు దాటిన బండయితే దాన్ని మార్చారా లేదా అని బిల్లు చూపించమనండి. అది తెగితే ఇంజిన్ పని తేలిగ్గా వదలదు. 2016 తర్వాతి క్రిస్టా 2.4 డీజిల్‌లో బెల్టు బదులు చెయిన్ ఉంటుంది.

డబ్బు తక్కువ, మనుషులు ఎక్కువ అయినప్పుడు నేను మొదట చూడమనేది మహీంద్రా జైలోను. 2009లో వచ్చి 2019లో ఆగిపోయిన ఈ బండి అందానికి మార్కులు పడలేదు. లోపల మాత్రం ఇల్లంత చోటు. మరాజో కూడా అలాంటిదే. 2018లో వచ్చింది, గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో నాలుగు నక్షత్రాలు తెచ్చుకుంది. కొత్తదిగా పెద్దగా అమ్ముడుపోని బండ్లు పాతబడ్డాక కొనేవారికి లాభసాటి.

ఎర్టిగా నలుగురైదుగురి ఇంటికి, అప్పుడప్పుడూ ఏడుగురికి సరిపోతుంది. రోజూ ఏడుగురైతే కష్టం. ఎక్స్‌యూవీ 500 చూడ్డానికి దర్జాగా ఉంటుంది, నడపడానికి హాయి. మూడో వరుస మాత్రం పిల్లలకే. టవేరా చవగ్గా దొరుకుతుంది కానీ తయారుచేసిన జనరల్ మోటార్స్ 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. పాత స్కార్పియో విషయంలో 2016 నాటి గ్లోబల్ ఎన్‌క్యాప్ ఫలితం గుర్తుంచుకోవాలి. ఎయిర్‌బ్యాగులు లేని రకానికి పెద్దల భద్రతలో వచ్చినవి సున్నా నక్షత్రాలు.

డీజిలా, పెట్రోలా అన్నది మీ తిరుగుడును బట్టి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఎప్పుడూ బడికీ బజారుకూ మాత్రమే తిప్పితే అది పూడుకుపోతుంది. నెలకోసారైనా హైవే ఎక్కనివారు పెట్రోలు చూసుకోవడమే మంచిది.

బండి గతం తవ్వండి

పెద్ద బండ్లలో ఎక్కువ భాగం ఒకప్పుడు ట్యాక్సీలే. పసుపు పలక తీసేసి తెల్ల పలక పెట్టిస్తారు. అది నేరమేమీ కాదు. రెండు లక్షల కిలోమీటర్లు హైవే మీద తిరిగి, వేళకు సర్వీసింగ్ జరిగిన ట్యాక్సీ నయం, మీటరు వెనక్కి తిప్పిన ‘డాక్టరు గారి బండి’ కంటే! మీటరు అబద్ధమాడినా క్లచ్ పెడల్ రబ్బరు ఆడదు. స్టీరింగు నునుపు తేలి, డ్రైవరు సీటు కుంగి, మీటరు నలభై వేలే చూపిస్తుంటే నమ్మకండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. బండి వయసుతో పోల్చుకోండి. కిటికీ అద్దాల మీది గుర్తులూ అంతే, ఒక్కటి తేడాగా ఉంటే అటువైపు దెబ్బ తగిలి ఉండొచ్చు.

ఇప్పుడు మన దగ్గర మరీ జాగ్రత్త పడాల్సింది నీట మునిగిన బండ్లతో. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం. అలాంటివి కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టుకుని బజారుకొస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. బురద నీటి చార కనిపిస్తే ఇక మాట్లాడొద్దు. కాళ్ల కింది పట్టా ఎత్తి చూడండి, సీటు కింది పట్టాలకు తుప్పుందేమో తడమండి. వైర్ల కొసల్లో పచ్చటి పొక్కులున్నా అనుమానించాల్సిందే.

ఇంజిన్‌ను మీరు వచ్చేదాకా స్టార్టు చేయొద్దని ముందే చెప్పండి. వేడిగా ఉన్న ఇంజిన్ తన జబ్బులు దాచుకుంటుంది. స్టార్టయ్యాక నీలి పొగ వస్తే ఆయిలు మండుతున్నట్టు. ఆయిలు పోసే మూత కాస్త వదులు చేస్తే అక్కడ్నుంచి గుప్పుగుప్పున పొగ కొడుతుంటే ఇంజిన్ పనికి వచ్చిందనే అర్థం. చివరగా ఆరేడుగురినీ ఎక్కించుకుని గతుకుల రోడ్డు మీద ఐదారు కిలోమీటర్లు తిప్పండి. ఖాళీ బండిలో వినపడని చప్పుళ్లన్నీ అప్పుడు వినపడతాయి. మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి ఆయన రోజు కూలీ ఇవ్వండి. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ వద్దు.

ఢిల్లీ నుంచి చవగ్గా...

‘ఢిల్లీ బండి, సగం ధరకే’ అన్న మాట వినే ఉంటారు. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై ఢిల్లీ ప్రాంతంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో నిషేధం విధించింది, సుప్రీంకోర్టు 2018లో దాన్ని సమర్థించింది. దాంతో అక్కడి డీజిల్ బండ్లు దక్షిణాదికి దారి పట్టాయి. బండి బాగుండొచ్చు. కానీ అక్కడి ఆర్టీవో ఇచ్చే నిరభ్యంతర పత్రం లేకుండా మన దగ్గర రిజిస్ట్రేషన్ కాదు, ఇక్కడ మళ్లీ జీవితకాల పన్ను కట్టాలి. ఇవన్నీ కలిపాక ధర ఎంత తేలిందో చూడండి. ఒక్కోసారి ఆ సగం ధర ముప్పావు దాటుతుంది. రాష్ట్ర విభజన తర్వాత హైదరాబాద్ బండి విజయవాడకైనా పొరుగు రాష్ట్రం బండే. నంబరు పలక మీద ‘ఏపీ 09’ చూసి మన బండే అనుకోవద్దు, అది 2014కు ముందు హైదరాబాద్‌లో రిజిస్టరైంది.

సొంత బండి రిజిస్ట్రేషన్ చెల్లేది పదిహేనేళ్లు. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి కార్లకు 600 రూపాయల నుంచి 5,000కు పెంచింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేసింది. హరిత పన్ను అదనం. 2010 బండి బేరమాడుతున్నారంటే ఈ ఖర్చు మీ నెత్తినో, ఆయన నెత్తినో ముందే తేల్చుకోవాలి.

బేరానికి ఇంకో ఆయుధముంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త కార్ల మీద జీఎస్టీ తగ్గింది. పెద్ద బండ్ల మీద సెస్సుతో కలిపి 45 నుంచి 50 శాతం దాకా ఉన్న పన్ను 40 శాతానికి దిగింది. అమ్మే ఆయన తాను కొన్ననాటి ధర నుంచి లెక్క చెబుతుంటే, మీరు ఇవాళ్టి కొత్త బండి ధర నుంచి చెప్పండి.

పేరు మారేదాకా

డబ్బిచ్చి తాళాలు తీసుకుంటే బండి మీదైపోయినట్టు కాదు. ఓ వ్యక్తి 2007లో కారు అమ్మేశాడు. అది చేతులు మారుతూ వెళ్లింది, ఆర్టీవో రికార్డుల్లో పేరు మాత్రం మారలేదు. 2009లో ఆ కారు ప్రమాదం చేసింది. పరిహారం బాధ్యత రికార్డుల్లో పేరున్న యజమానిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది, నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో. అమ్మినవారికి అది తలనొప్పి. కొన్నవారికీ తక్కువేమీ కాదు. ఆర్‌సీ మీ పేరున లేకపోతే బండి దెబ్బతిన్నప్పుడు బీమా సొమ్ము రావడం కష్టం. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలి. ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బు చేతులు మారేటప్పుడే జరగాలి. బ్యాంకు అప్పుతో కొన్న బండయితే అప్పు తీరినట్టు బ్యాంకు పత్రం, ఫారం 35 అడగండి. బీమాను కూడా 14 రోజుల్లోపే మీ పేరున మార్పించుకోండి. పాత యజమానికున్న నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా మీరు కట్టాల్సిందే. బాకీ ఉన్న చలానాలు నంబరు కొట్టి చూస్తే కనిపిస్తాయి, అవి ఆయన చేతే కట్టించండి. బండి అప్పగించిన తేదీతో పాటు గంట కూడా కాగితం మీద రాయించుకోండి. ఆ గంటకు ముందు పడిన చలానాలు ఆయనవి, తర్వాతవి మీవి.

అద్దం మీది పాత ఫాస్టాగ్‌ను మూసేయించి కొత్తది తీసుకోవడం మరిచిపోకండి. లేదంటే మీ తొలి తిరుపతి ప్రయాణం టోల్ డబ్బులన్నీ పాత యజమాని ఖాతాలోంచి పోతాయి. చిల్లకల్లు దగ్గర ఒకటి, కీసర దగ్గర ఇంకొకటి అంటూ ఆయన ఫోనుకు మెసేజీలు వెళ్తూనే ఉంటాయి!