సెల్టోస్: మన సీమలో పుట్టిన ఎస్‌యూవీ కారుని గ్యాడ్జెట్‌గా ఎలా మార్చింది?

ఫోన్ కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? డిస్‌ప్లే ఎన్ని అంగుళాలు, ప్రాసెసర్ ఏంటి, ఛార్జింగ్ ఎన్ని వాట్లు, అప్‌డేట్స్ ఎన్నేళ్లు ఇస్తారు. ఇప్పుడు కర్నూల్లోనో కడపలోనో ఏదైనా కార్ షోరూంకి వెళ్లి పది నిమిషాలు నిలబడండి. ఇంచుమించు ఇవే ప్రశ్నలు వినిపిస్తాయి. మైలేజ్ గురించి అడిగేది పెద్దాయన. స్క్రీన్, సన్‌రూఫ్, కనెక్టెడ్ ఫీచర్స్ గురించి అడిగేది కొడుకో కూతురో. ఈ మార్పు ఒక్క కారు వల్లే వచ్చిందని నేను అనను. కానీ ఆ మార్పుని బాగా వేగంగా జనంలోకి తెచ్చిన కార్లలో కియా సెల్టోస్ ఒకటి. అది తయారయ్యేది ఎక్కడో కాదు, కర్నూలు నుంచి నేషనల్ హైవే 44 మీద బెంగళూరు వైపు వెళ్తే దారిలో వచ్చే పెనుకొండ దగ్గర.

సెల్టోస్‌కి ముందు సంగతి

మన దేశంలో కాంపాక్ట్ ఎస్‌యూవీ అనే మాట జనానికి అలవాటైంది 2012లో రెనో డస్టర్, 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ వచ్చాక. 2015 జులైలో హ్యుందాయ్ క్రెటా వచ్చి ఆ సెగ్మెంట్‌ని తన చేతుల్లోకి తీసుకుంది. హ్యుందాయ్, కియా రెండూ ఒకే గ్రూప్‌వి. ఇంజిన్లు, ప్లాట్‌ఫామ్‌లు పంచుకుంటాయి. మన భాషలో చెప్పాలంటే షావోమీ, పోకో లాగా: లోపల సరుకు చాలావరకు ఒకటే, పైన డిజైన్, ట్యూనింగ్, ధర వేరు.

పెనుకొండకి ఎలా వచ్చింది?

2017 ఏప్రిల్‌లో కియా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, సుమారు 1.1 బిలియన్ డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల కెపాసిటీ. అప్పుడది అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం నీళ్లు. కార్ల ఫ్యాక్టరీకి నీళ్లెందుకు అనుకోవచ్చు. రంగు వేసే ముందు కారు బాడీని రసాయనాల్లో ముంచి, ప్రతి దశలోనూ కడగాలి. పెయింట్ షాప్‌కి నీళ్లు లేకపోతే లైన్ ఆగిపోతుంది. చినుకు కోసం ఆకాశం వైపు చూసే ప్రాంతంలో ఆ నీళ్లు ఎక్కడివి? హంద్రీ-నీవా కాలువవి. మా ఉమ్మడి కర్నూలు జిల్లా మల్యాల దగ్గర శ్రీశైలం వెనుక జలాల నుంచి కృష్ణా నీటిని ఎత్తిపోస్తారు. ఆ నీళ్లు లిఫ్ట్ మీద లిఫ్ట్ ఎక్కుతూ పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయర్ దాకా చేరతాయి. ఆ రిజర్వాయర్ నిండాకే ఫ్యాక్టరీ మాట నిజమైంది. అందుకే సీమలో ఈ కారు గురించి మాట్లాడితే పొలం నీళ్ల గురించి కూడా మాట్లాడాల్సి వస్తుంది. రైతుకీ ఫ్యాక్టరీకీ ఆధారం అదే కాలువ మరి.

2019: అసలు ఏం మారింది?

2018 ఫిబ్రవరి ఆటో ఎక్స్‌పోలో ఎస్‌పీ కాన్సెప్ట్ పేరుతో చూపించిన బండి, 2019 ఆగస్టు 22న సెల్టోస్‌గా లాంచ్ అయింది. స్టార్టింగ్ ధర 9.69 లక్షలు. కొత్త బ్రాండ్, మన దేశంలో మొదటి కారు. అయినా జనం ఎగబడ్డారు. కారణం స్పెక్ షీట్.

మూడు ఇంజిన్లు ఇచ్చారు: 115 పీఎస్ పవర్‌తో 1.5 పెట్రోల్, అంతే పవర్‌తో 1.5 డీజిల్, 140 పీఎస్‌తో 1.4 టర్బో పెట్రోల్. మూడింటికీ వేర్వేరు రకాల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు. బీఎస్6 నిబంధన 2020 ఏప్రిల్‌లో వచ్చేలోపే ఇంజిన్లు రెడీగా ఉన్నాయి. పై వేరియంట్లలో 10.25 అంగుళాల టచ్‌స్క్రీన్, లోపల ఇసిమ్, యూవో పేరుతో 37 కనెక్టెడ్ ఫీచర్స్.

మా ఎండల్లో వీటిలో రెండు నిజంగా పనికొచ్చాయి. ఒకటి వెంటిలేటెడ్ సీట్లు. రెండోది, ఆటోమేటిక్ వేరియంట్లలో ఫోన్ నుంచే ఇంజిన్, ఏసీ ఆన్ చేసే సౌకర్యం. మే నెలలో కడపలో మధ్యాహ్నం ఆరుబయట పార్క్ చేసిన కారులో స్టీరింగ్ పట్టుకున్నవాళ్లకి దీని విలువ విడమర్చి చెప్పక్కర్లేదు.

స్క్రీన్ ముందు, సేఫ్టీ తర్వాత

ఇక చేదు నిజం. 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సెల్టోస్‌ని క్రాష్ టెస్ట్ చేసింది. అది రెండు ఎయిర్‌బ్యాగుల బేసిక్ వెర్షన్. పెద్దల భద్రతకి 3 స్టార్లు, పిల్లల భద్రతకి 2 స్టార్లు. బాడీ నిర్మాణం అస్థిరంగా ఉందని కూడా చెప్పింది. అంటే తలుపు తీయగానే కనిపించే ఫీచర్స్ ముందొచ్చాయి, గుద్దుకున్నప్పుడు మాత్రమే కనిపించేవి వెనకబడ్డాయి. 2022లో అన్ని వేరియంట్లకీ ముందు నాలుగు, తర్వాత ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు. ఫోన్‌లో కెమెరా మెగాపిక్సెల్స్ చూసి మోసపోకూడదని మనకి తెలుసు. కారులో స్క్రీన్ సైజ్ కూడా అంతే.

2023 ఫేస్‌లిఫ్ట్, ఏడాస్

2023 జులైలో పెద్ద అప్‌డేట్ వచ్చింది: పనోరమిక్ సన్‌రూఫ్, 160 పీఎస్ 1.5 టర్బో ఇంజిన్, లెవెల్ 2 ఏడాస్. పెనుకొండలో తయారైన 10 లక్షల కారు కూడా ఆ నెలలో బయటికొచ్చిన కొత్త సెల్టోసే.

ఏడాస్ అంటే సింపుల్‌గా: ముందు కెమెరా, రాడార్లు కలిసి రోడ్డుని చదువుతాయి. లేన్ గీతల్ని కెమెరా చూస్తుంది, ముందున్న బండి దూరాన్ని రాడార్ కొలుస్తుంది. గుద్దేలా ఉంటే బ్రేక్ తనే వేస్తుంది. హైవే 44 లాంటి నాలుగు లేన్ల రోడ్డు మీద ఇది బాగుంటుంది. కానీ గీతలు చెరిగిపోయిన పల్లె రోడ్డు, అడ్డం వచ్చే గొర్రెల మంద, వెనక లైటు లేని ట్రాక్టర్... వీటి దగ్గర దాన్ని నమ్ముకోవద్దు. లెవెల్ 2 అంటే డ్రైవర్ మీరే, అది సహాయకుడు మాత్రమే.

తమ్ముళ్లు, ట్యాక్స్ లెక్క

సెల్టోస్ విజయం తర్వాత అదే ఫ్యాక్టరీ నుంచి 2020 సెప్టెంబర్‌లో సోనెట్, 2025 ఫిబ్రవరిలో సైరోస్ వచ్చాయి. సోనెట్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. ఆ 5 మిల్లీమీటర్లు ఎందుకు మిగిల్చారు? 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ లేదా 1500 సీసీ లోపు డీజిల్ ఇంజిన్ ఉంటే ట్యాక్స్ తక్కువ. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ కార్లకి జీఎస్టీ 18 శాతం. సెల్టోస్ లాంటి పెద్దవాటికి 40 శాతం. మరోపక్క సెల్టోస్ పెరుగుతూనే ఉంది. మొదటిది 4,315 మిల్లీమీటర్లు, 2025 డిసెంబర్‌లో చూపించిన రెండో తరం 4,460.

"పక్కనే తయారవుతుంది కదా, మనకి తక్కువకి రాదా?" అని మావాళ్లు అడుగుతుంటారు. రాదు. జీఎస్టీ రేటు దేశమంతా ఒకటే. ఫ్యాక్టరీ దగ్గరుంది కదా అని లైఫ్ ట్యాక్స్ ఎవరూ తగ్గించరు. మనకి దక్కే లాభం వేరే చోట ఉంది: ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలకి రోబోలున్న అసెంబ్లీ లైన్ ఇప్పుడు పక్క జిల్లాలోనే ఉంది. కడప దగ్గర కొప్పర్తి, కర్నూలు దగ్గర ఓర్వకల్లు పారిశ్రామికవాడలు కూడా ఇలాగే నిలబడతాయా అన్నదే మా తరం ప్రశ్న.

మరి కొనాలంటే?

నా సలహా ఇది. ముందు మీరు తీసుకునే వేరియంట్‌కి ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నాయో, ఆ మోడల్‌కి క్రాష్ టెస్ట్ రేటింగ్ ఎంతో చూడండి. తర్వాత ఇంజిన్, గేర్‌బాక్స్. ఆ తర్వాతే స్క్రీన్. సెకండ్ హ్యాండ్ సెల్టోస్ చూస్తుంటే తయారైన సంవత్సరం తప్పకుండా అడగండి. 2022 ముందు బండికీ తర్వాతి బండికీ ఎయిర్‌బ్యాగుల లెక్కే వేరు. బయటి నుంచి చూస్తే మాత్రం రెండూ ఒకేలా మెరుస్తాయి.