అంకె మారింది, చీపురు మారలేదు
(కొత్త లేబర్ కోడ్‌లు – దళిత కూలీ)

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ 2019లో, మిగతా మూడూ 2020లో పార్లమెంటు ఆమోదించినవే. పాత చట్టాలు 29 వీటిలో కలిసిపోయాయి. యజమానులకు రిజిస్టర్లు, రిటర్నుల బెడద తగ్గిందని ప్రభుత్వం చెప్పుకుంటోంది. మరి కూలోడికి ఏం తగ్గింది, ఏం మిగిలింది? మనం అడగాల్సింది అదీ.

ముందు అంకెల సంగతి. 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట 10 మందికి, కరెంటు లేని చోట 20 మందికి వర్తించేది. ఇప్పుడవి 20, 40 అయ్యాయి. 1970 నాటి కేంద్ర కాంట్రాక్టు కార్మిక చట్టంలో 20 మంది అని ఉంటే, కొత్త కోడ్‌లో 50. అంటే 49 మందిని పెట్టుకున్న కాంట్రాక్టరు లైసెన్సు లేకుండానే పని నడుపుకోవచ్చు. పలమనేరు చుట్టుపక్కల మన వాళ్ళు చేసే పనులు చూడండి: టమోటా మండీలో లోడింగు, ఇటుక బట్టీ, సీజన్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, మేస్త్రీ వెంట బెంగుళూరు పోయే కట్టుబడి పని. పది మంది, ఇరవై మంది గుంపులుగా చేసే పనులివి. చట్టం గీత పైకి జరిగితే కింద మిగిలేది ఈ గుంపులే.

రెండోది కులంతో ముడిపడిన సంగతి. సంస్థ ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్టు కూలీలను పెట్టకూడదని కోడ్ అంటుంది. ఆ వెంటనే, సంస్థ ఆ పని కోసమే పెట్టింది కాకపోతే కొన్ని పనులు 'ముఖ్యమైనవి' కావంటుంది. ఆ జాబితాలో ఊడ్చడం, చెత్త ఎత్తడంతో సహా పారిశుధ్యం ఉంది. కాపలా, లోడింగు కూడా ఉన్నాయి. ఇది మనకు కొత్త కాదు. 2003లోనే ఆంధ్రప్రదేశ్ కాంట్రాక్టు కార్మిక చట్టాన్ని సవరించి ఇలాంటి జాబితానే తెచ్చింది. చీపురు ఎవరి చేతిలో ఉంటుందో పలమనేరులో ఎవర్నడిగినా చెప్తారు. కులం అంటగట్టిన పనినే చట్టం ముఖ్యం కాని పని అంటోంది. అయితే మున్సిపాలిటీకి పారిశుధ్యం అసలు బాధ్యత. కాబట్టి ఈ మినహాయింపు అక్కడ చెల్లదని వాదించే దారి ఉంది.

మనకు పనికొచ్చేవి వేతనాల కోడ్‌లో ఉన్నాయి. కనీస వేతనం ఇప్పుడు షెడ్యూలులోని పనులకే కాదు, అందరికీ. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే సంస్థ యజమానే కట్టాలి (సెక్షన్ 43). దీనికి 50 మంది లెక్క లేదు. బాకీ కోసం మూడేళ్ళలోపు అర్జీ పెట్టుకోవచ్చు. కార్మికుడి తరఫున అతని యూనియన్ కూడా పెట్టొచ్చు (సెక్షన్ 45). కూలి ఇచ్చానని రుజువు చేసుకోవాల్సింది యజమానే (సెక్షన్ 59). కానీ ఇన్స్పెక్టరు ఇప్పుడు 'ఇన్స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్'. కేసు పెట్టేముందు యజమానికి తప్పు దిద్దుకునే గడువివ్వాలి.

వారానికి 54 గంటల పని 48కి తగ్గింది 1946లో. అప్పుడు వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరు అంబేద్కర్. ఆయన 1938లోనే బొంబాయిలో సమ్మె హక్కును కత్తిరించే బిల్లుకు ఎదురునిలిచారు. కొత్త కోడ్ ఇప్పుడు ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు అడుగుతోంది.

కనుక చదువుకున్నవాళ్ళు చేయాల్సిన పని ఒకటుంది. కాలనీలో కూర్చుని ప్రతి కూలీకీ పనిలో చేరిన తేదీ, హాజరు, అందిన డబ్బు, మేస్త్రీ పేరు, అతని వెనకున్న సంస్థ పేరు రాసిపెట్టాలి. మూడేళ్ళ గడువూ, సెక్షన్ 43 మనకు అక్కరకొచ్చేది ఆ నోటుబుక్కు ఉంటేనే.