తడి ఇసుకలో కరిగిన లోహం

భూమి పైపొరలో లభించే లోహాలన్నింటిలో పరిమాణం దృష్ట్యా అల్యూమినియానిదే అగ్రస్థానం. అయినా రాగిని, ఇనుమును వేల సంవత్సరాలుగా ఎరిగిన మానవుడికి అల్యూమినియం మాత్రం రెండు శతాబ్దాల క్రితం వరకు చేజిక్కలేదు. ఆక్సిజన్‌తో ఆ లోహానికి గల బంధం అంత గట్టిది. 1825లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఆర్‌స్టెడ్ దానిని తొలిసారిగా వేరు చేశాడు. 1884లో అమెరికా రాజధానిలోని వాషింగ్టన్ స్మారక స్తంభపు కొనపై అమర్చడానికి ఫిలడెల్ఫియా వాసి విలియం ఫ్రిష్‌మత్ ఒక చిన్న అల్యూమినియం పిరమిడ్‌ను పోతపోశాడు. దాని బరువు మూడు కిలోలకన్న తక్కువే. అయినా అది ఆనాటికి ఒక అద్భుతం. లోహపు ధర వెండి ధరకు చేరువగా ఉండేది. మరి రెండేళ్లకే అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ విడివిడిగా కనుగొన్న విద్యుద్విశ్లేషణ పద్ధతితో ఆ వెండి హోదా క్రమంగా కరిగిపోయింది. నేడు సొట్టపోయిన సత్తు గిన్నె మొదలు పాత స్కూటరు ఇంజను తొడుగు వరకు అల్యూమినియం తుక్కు కొట్లలో కిలోల లెక్కన తూగుతున్నది.

ఆ తుక్కు విలువ తక్కువది కాదు. ఖనిజం నుండి ఒక టన్ను అల్యూమినియం తీయడానికి దాదాపు 14,000 యూనిట్ల విద్యుత్తు కావాలి. తుక్కును కరిగించి మళ్లీ వాడుకోవడానికి కొత్త లోహం తీయడానికయ్యే శక్తిలో సుమారు 5 శాతం చాలు. పైగా ఇనుము కరగడానికి 1,538 సెల్సియస్ డిగ్రీల వేడి అవసరం కాగా, అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. ఒక చిన్న బొగ్గు కొలిమి, దానికి గాలి ఊదే సాధనం ఉంటే ఆ వేడిని పెరట్లోనే పుట్టించవచ్చు. అమెరికాలో డేవిడ్ జింజరీ రాసిన పుస్తకాల వరుస ఈ అవకాశం నుండే పుట్టింది. మొదటి పుస్తకంలో బొగ్గు కొలిమిని కట్టుకోవడం, తరువాతి వాటిలో ఆ కొలిమిలో పోసిన అల్యూమినియం భాగాలతో లేత్ మొదలైన యంత్రాలను ఒక్కొక్కటిగా తయారు చేసుకోవడం ఆయన వివరించారు. ఆ పుస్తకాలు చదివి ఎందరో తమ ఇళ్ల వద్దనే పోతపని నేర్చుకున్నారు.

అయితే సులభమైనది లోహం కరగడం మాత్రమే. కరిగిన దానిని ఎత్తి, మోసి, అచ్చులో పోసి, దెబ్బ తగలకుండా బయటపడడం వేరొక విద్య. ఈ పనిలో ప్రధాన శత్రువు నిప్పు అని కొత్తవారు భావిస్తారు. నిప్పు కంటికి కనిపిస్తుంది, దూరం నుండే వెచ్చదనంతో హెచ్చరిస్తుంది. కంటికి కనిపించకుండా పొంచి ఉండే శత్రువు నీరు.

నీరు ఆవిరిగా మారినప్పుడు తన ఘనపరిమాణానికి దాదాపు 1,700 రెట్లు విస్తరిస్తుంది. ఇది 100 డిగ్రీల వద్ద లెక్క. 700 డిగ్రీల లోహాన్ని తాకినప్పుడు ఆ ఆవిరి ఇంకా వ్యాకోచిస్తుంది. ఒక చెంచాడు నీరు, అంటే 5 మిల్లీలీటర్లు, లోహం అడుగున చిక్కుకున్నదనుకుందాం. ఎనిమిది లీటర్లకు పైగా ఆవిరి రెప్పపాటులో పుట్టి, బయటికి దారి లేక, పైన ఉన్న లోహాన్నంతటినీ ఎగజిమ్ముతుంది. అందువల్ల లోహం పైన పడిన తడి కన్న దాని అడుగుకు చేరిన తడి ఎక్కువ ప్రమాదకరం. ఆ తడి ఎక్కడెక్కడ దాగి ఉంటుందో ఊహించడమే ఈ పనిలో సగం జాగ్రత్త. తుక్కు ముక్క సందులో నిలిచిన వాననీరు, రాత్రి మంచుకు చెమ్మగిల్లిన పటకారు, తుప్పు పట్టిన గరిటె, అన్నీ అనుమానించదగినవే. తుప్పు తనలో నీటిని దాచుకుంటుంది. కాంక్రీటు నేల మరింత మోసకారి. ఎన్నేళ్ల క్రితం వేసినదైనా, పైకి ఎంత పొడిగా కనిపించినా దాని లోపల నీరు ఉంటుంది. కరిగిన లోహం ఒలికితే అది పెచ్చులు పెచ్చులుగా పేలి, లోహాన్ని కాళ్ల మీదికి చిమ్ముతుంది. అందుకే కొలిమి చుట్టూ, అచ్చు చుట్టూ, ఆ రెండింటి నడుమ నడిచే దారిలోను పొడి ఇసుకను మందంగా పరుస్తారు. మూసలో వేసే ప్రతి ముక్కను, లోహంలో ముంచే ప్రతి పనిముట్టును ముందుగా కొలిమి అంచున పెట్టి బాగా వేడిచేస్తారు. దీనికి మినహాయింపు లేదు.

తడి మనిషికే కాదు, వస్తువుకు కూడా చేటు తెస్తుంది. కరిగిన అల్యూమినియం నీటి ఆవిరిని విడగొట్టి ఆక్సిజన్‌ను తాను గ్రహిస్తుంది. మిగిలిన హైడ్రోజన్ లోహంలో కరిగిపోతుంది. ద్రవ లోహం ఇముడ్చుకున్న హైడ్రోజన్‌లో దాదాపు ఇరవయ్యో వంతును మాత్రమే ఘన లోహం ఇముడ్చుకోగలదు. గడ్డకట్టే వేళ మిగిలినదంతా బుడగలై లోపలే చిక్కుకుంటుంది. పైకి నిగనిగలాడే పోతను కోసి చూస్తే లోపల జల్లెడలా కనిపించడానికి తరచుగా ఇదే కారణం. లోహాన్ని అవసరానికి మించి వేడిచేసినా, ఎక్కువసేపు కొలిమిలో ఉంచినా ఈ దోషం పెరుగుతుంది.

ఇక్కడ ఒక సందేహం సహజంగా కలుగుతుంది. తడి ఇంతటి శత్రువైతే, తడి ఇసుకతో చేసిన అచ్చులో లోహాన్ని పోయడమేమిటి? పోతపనివారు పచ్చి ఇసుక అని పిలిచే ఆ మిశ్రమంలో సన్నని ఇసుకతో పాటు, బెంటోనైట్ అనే బంకమన్ను నూటికి ఐదు నుండి పది పాళ్లు, నీరు మూడు నుండి ఐదు పాళ్లు ఉంటాయి. ఆ కొద్దిపాటి నీరు గుంటలో నిలిచిన నీరు కాదు. బంకమన్ను రేణువులను అంటుకొని పలుచని పొరగా ఉంటుంది. ఇసుక రేణువుల మధ్య సందులు ఉండటం వల్ల పుట్టిన ఆవిరి లోహం వైపు తిరగకుండా వెనుకకు, ఇసుకలోకి సాగిపోతుంది. ఆ దారి చాలదేమోనని సన్నని తీగతో అచ్చు పైనుండి రంధ్రాలు పొడుస్తారు. నీరు ఎక్కువైనా, ఇసుకను మరీ గట్టిగా దిమ్మిస చేసినా, సందులను దుమ్ము పూడ్చివేసినా ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు లోహం అచ్చులోనే కుతకుత ఉడికి పైకి ఉబుకుతుంది. ఇసుక పదునును చేతితోనే పరీక్షిస్తారు. గుప్పెడు ఇసుకను గట్టిగా పిసికితే వేళ్ల గుర్తులు చెదరకుండా నిలవాలి; ఆ ముద్దను విరిస్తే రాలిపోకుండా రెండుగా విరగాలి; అరచేయి మాత్రం తడి కారాదు.

ఆదిలాబాద్ ప్రాంతంలో ఓజా కళాకారులు చేసే డోక్రా పోతను దీనితో పోల్చి చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. వారు మైనంతో బొమ్మను చేసి, దానిపై మట్టిపూత పూసి, నిప్పులో కాలుస్తారు. మైనం కరిగి పోతుంది. దానితో పాటు మట్టిలోని నీరు కూడా పోతుంది. ఖాళీ అయిన చోట ఇత్తడి నిండుతుంది. మెత్తని మట్టి గుండా ఆవిరి తేలికగా వెళ్లలేదు కనుక దానిని కాల్చి తీరాలి. ఇసుకకు ఆ దారి ఉన్నది కనుకనే కొద్దిపాటి తడి చెల్లుతుంది.

తుక్కును ఎంచుకోవడంలోనూ విచక్షణ అవసరం. శీతల పానీయాల డబ్బాలు విరివిగా దొరుకుతాయి కాబట్టి కొత్తవారి చూపు ముందుగా వాటి మీద పడుతుంది. పలుచని రేకు కావడంతో వాటి ఉపరితలం ఎక్కువ. రంగు, పూత కాలి పొగలు వస్తాయి. ఆక్సైడు, మడ్డి కలిసిన చిట్టెం పేరుకొని లోహం తరిగిపోతుంది. మిగిలినది కూడా పోతకు అనువైన రకం కాదు. వంటపాత్రల లోహం దాదాపు శుద్ధ అల్యూమినియం. అది అచ్చు మూలలకు సరిగా పారదు. ఒకసారి పోతగా పోసిన వస్తువే మరొక పోతకు తగినది. ఇంజను తొడుగులు, పిస్టన్లు, కారు చక్రాలు ఆ కోవకు చెందుతాయి. వాటిలో కలిసిన సిలికాన్ లోహాన్ని పలుచగా పారేటట్లు చేస్తుంది. 12 శాతానికి కాస్త పైగా సిలికాన్ ఉన్న మిశ్రలోహం 577 డిగ్రీలకే కరుగుతుంది.

అయితే తుక్కులో అల్యూమినియంలా కనిపించేదంతా అల్యూమినియం కాదు. మెగ్నీషియం మిశ్రలోహాలు అచ్చం అలాగే ఉంటాయి, కాకపోతే మరింత తేలిక. అవి అంటుకుంటే ఆర్పడం దుస్సాధ్యం, నీరు పోస్తే మంట విజృంభిస్తుంది. ఆకురాయితో రుద్ది, మెరిసే చోట వినిగరు చుక్క వేస్తే మెగ్నీషియం బుసబుస పొంగుతుంది, అల్యూమినియం కదలదు. అనుమానం తీరని ముక్కను పక్కన పెట్టడమే వివేకం. మూసి ఉన్న బోలు వస్తువులను, ముఖ్యంగా వాహనాల షాక్ అబ్జార్బర్ల వంటి వాటిని, కొలిమి దరికి రానీయరాదు. లోపలి గాలి, నూనె వేడికి వ్యాకోచించి అవి బాంబులా పేలుతాయి.

లోహాన్ని కరిగించే పాత్రను తెలుగులో మూస అంటారు. ఒకే తీరుగా ఉన్న రచనలను మూసపోసినవి అనడం ఈ పని నుండి వచ్చిన పలుకుబడే. బంకమన్ను, గ్రాఫైటు కలిపి చేసిన మూసలు ఈ పనికి శ్రేష్ఠం. ఉక్కు డబ్బాలలో కరిగించేవారూ ఉన్నారు. కరిగిన అల్యూమినియం ఇనుమును మెల్లగా తనలో కలుపుకుంటుంది. పలుచని డబ్బా ఏదో ఒకనాడు ఎత్తుతుండగానే అడుగు ఊడుతుంది. జింకుపూత ఉన్న బక్కెట్లు మరీ పనికిరావు, ఆ పూత పొగలు పీల్చినవారికి చలిజ్వరం వంటి లక్షణాలు కలుగుతాయి.

పని ఎప్పుడూ ఆరుబయటే సాగాలి. బొగ్గు మండినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. వాన సూచన ఉన్న రోజున కొలిమి రాజేయకూడదు. ఈ విద్య తెలిసిన పెద్దల సమక్షంలో తప్ప విద్యార్థులు దీనికి పూనుకోరాదు. అనుభవజ్ఞులు సైతం ఒంటరిగా చేయరు. నైలాన్, పాలిస్టర్ బట్టలు వేడికి కరిగి చర్మానికి అంటుకుంటాయి కనుక నూలు బట్టలు, వాటిపై తోలు అంగరఖా ధరించాలి. తోలు బూట్లను ప్యాంటు అంచు కప్పి ఉండాలి. ప్యాంటును బూట్లలోకి దోపుకుంటే జారిన లోహపు చుక్క నేరుగా పాదానికి చేరుతుంది. ముఖానికి కవచం, చేతులకు తోలు తొడుగులు తప్పనిసరి. సన్నని ఇసుక దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి వస్తుంది కాబట్టి ఇసుక జల్లించేటప్పుడు ముక్కుకు తగిన మాస్కు ఉండాలి. ఒలికిన లోహం మీద పొడి ఇసుకనే చల్లాలి. నీటి కుళాయి ఉండవలసినది మనిషి కోసం, అదీ కొలిమికి దూరంగా. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని నీరు ధారగా పోసి వైద్యుని వద్దకు వెళ్లాలి.

అచ్చు తయారీకి రెండు చెక్క చట్రాలు కావాలి. కింది చట్రంలో నమూనాను ఉంచి, ఇసుక జల్లించి, దిమ్మిస చేస్తారు. తిరగవేసి, రెండు భాగాలు అంటుకోకుండా పొడి చల్లి, పై చట్రాన్ని అమర్చి మళ్లీ ఇసుక నింపుతారు. ఆ తరువాత విడదీసి నమూనాను తీసివేస్తే దాని ఆకారం ఇసుకలో మిగులుతుంది. నమూనా పక్కలు కొద్దిగా వాలుగా ఉంటేనే ఇసుక చెదరదు. లోహం దిగడానికి ఒక దారి, దాని నుండి అచ్చుకు ఒక కాలువ, మందంగా ఉన్న భాగం పక్కన రైజరు అనే అదనపు గుంట తవ్వుతారు. అల్యూమినియం గడ్డకట్టేటప్పుడు ఘనపరిమాణంలో ఆరు శాతానికి పైగా కుంచించుకుపోతుంది. ఆ లోటును రైజరులోని లోహం భర్తీ చేయాలి. అందుకే అది అన్నిటికన్న చివర గడ్డకట్టేంత లావుగా ఉండాలి.

అల్యూమినియానికి మరొక చిక్కు ఉన్నది. ఎర్రగా కాలిన ఇనుమును చూసి ఎవరైనా జాగ్రత్తపడతారు. అల్యూమినియం మాత్రం కరిగిన తరువాత కూడా పగటి వెలుతురులో వెండిలా తెల్లగానే కనిపిస్తుంది. చల్లారిందో లేదో చూపుతో చెప్పలేరు. కరగడానికి అది తీసుకునే గుప్తోష్ణం కూడా ఎక్కువే. ఇనుముకు కిలోకు సుమారు 247 కిలోజౌళ్లు చాలగా, దీనికి 397 కావాలి. కాబట్టి సగం కరిగాక ఎంతసేపటికీ ముందుకు సాగనట్లు తోస్తుంది. ఆ సమయంలో తొందరపడి మంట విపరీతంగా పెంచడం కంటే ఓపికపట్టడం మేలు. థర్మోకపుల్‌తో చూసి, 700 నుండి 750 డిగ్రీల మధ్య మూసను ఎత్తి, వేడిచేసిన గరిటెతో చిట్టెం తొలగించి, ధార తెగకుండా పోయాలి.

ఇంటి వద్ద ఒకటి రెండు కిలోలకు మించి పోయకపోవడం మంచిది. 1903లో రైట్ సోదరుల విమానానికి ఇంజనును వారి సైకిలు దుకాణంలోనే చార్లీ టేలర్ నిర్మించాడు. దాని తొడుగు అల్యూమినియంలో 8 శాతం రాగి కలిసిన పోత. చాలా భాగాలకు తన చేతులనే నమ్ముకున్న దుకాణం, ఆ పోతను మాత్రం డేటన్ నగరంలోని ఒక ఫౌండ్రీలో పోయించింది.

అచ్చు నిండిన తరువాత మూసలో మిగిలిన లోహాన్ని అందులోనే గడ్డకట్టనీయక, ముందుగా వేడిచేసి ఉంచిన ఇనుప గుంటలలో కడ్డీలుగా పోస్తారు. అచ్చును కనీసం అరగంట కదపరు. విప్పిన తరువాత కూడా పోతను పటకారుతోనే పట్టుకుంటారు. లోహాన్ని తాకి నల్లబడిన ఇసుకను వేరు చేసి, మిగిలిన దానిని మళ్లీ జల్లించి తడిపి వాడుకుంటారు. తొలి పోతలను అడ్డంగా కోసి పరిశీలించడం అనుభవజ్ఞుల అలవాటు. లోపలి రంధ్రాలు గుండ్రంగా, గోడలు నున్నగా ఉంటే అవి వాయువు చేసినవి. తడి ఎక్కడి నుండి వచ్చిందో వెతకాలి. గోడలు గరుకుగా, చీలికలుగా ఉంటే లోహం కుంచించుకున్న గుర్తు. ఈసారి రైజరును మరికొంత లావుగా తవ్వాలి.