కంటికీ ఒక హక్కు ఉంది

ఆ ఉదయం మా ఇంట్లో ఎవరూ నాస్తా ముట్టలేదు. ఫజ్ర్ నమాజు ముగించి జానమాజు మీదే కూర్చుండిపోయిన అమ్మీ, "పిల్లని పంపొద్దు బేటా" అంది. "రాత్రి కలలో చూశాను. కళ్యాణపులోవ నీళ్ళ మధ్య నిలబడి నన్నే పిలుస్తోంది. మెడ దాకా నీళ్ళు. నా చెయ్యి అందలేదు."

పిల్ల అంటే మా అమ్మాయి. ఇంటర్ పాసై విశాఖపట్నంలో డిగ్రీలో సీటు తెచ్చుకుంది. హాస్టల్లో ఉండి చదవాలి. ఫీజు కట్టడానికి నెలన్నర గడువుంది. మా వంశంలో పదో తరగతి దాటిన ఆడపిల్ల ఇదే మొదలు. రావికమతంలో నాది చిన్న టైలరింగ్ షాపు. ఆ ఫీజు కోసమే స్కూలు యూనిఫారాల సీజన్లో అర్ధరాత్రి దాటేదాకా మిషన్ తొక్కుతున్నాను.

అమ్మీ మాటను తోసేయలేను. ఒక కల కోసం పిల్ల చదువు మానిపించనూ లేను. అమ్మాయి ఏడవలేదు, వాదించలేదు. ఒక పొడవాటి నోటుబుక్కు తెచ్చి, "దాదీ, ఇవాళ్టి నుంచి నీకొచ్చే కలలన్నీ నాకు చెప్పు, రాసిపెడతాను. గడువు లోపల అన్నీ చూసి నువ్వే చెప్పు, వెళ్ళాలో వద్దో" అంది. తర్వాత నా వైపు తిరిగి, "అబ్బా, మీరూ రాయాలి. మీరసలు నిద్రే పోవడం లేదు" అంది.

అలా మొదలైంది మా ఇంట్లో నలభై రాత్రుల లెక్క.

నాలుగు గంటల నిద్ర

నా లెక్క ముందు చెబుతాను. గొప్పవాళ్ళు నాలుగు గంటలే నిద్రపోతారని ఎక్కడో విని ఉన్నాను. పన్నెండింటికి పడుకుని నాలుగింటికి లేస్తే పనీ సాగుతుంది, ఫజ్రూ దక్కుతుంది అనుకున్నాను. మొదటి మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగో రోజు సజ్దాలోనే కునుకు పట్టింది. ఏడో రోజు ఒక చొక్కాకు ముందు ముక్కలు రెండూ ఎడమ పక్కవే కత్తిరించాను. పదకొండో రోజు సూది చూపుడు వేలిలోంచి దిగిపోయింది. ఇరవై ఏళ్ళ పనిలో అలా ఎప్పుడూ జరగలేదు.

కారణం తర్వాత తెలుసుకున్నాను. మన నిద్ర ఒకటే సాగుడు కాదు. సుమారు గంటన్నరకొక చుట్టుగా రాత్రికి నాలుగైదు చుట్లు తిరుగుతుంది. మొదటి చుట్లలో గాఢనిద్ర ఎక్కువ. తెల్లవారేకొద్దీ కనుగుడ్లు రెప్పల కింద చకచకా కదిలే నిద్ర ఎక్కువవుతుంది. ఈ రెండో రకం నిద్రను 1953లో చికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు లోకానికి తెలియజేశారు. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది అందులోనే. నేను రాత్రికి నాలుగు గంటలే ఇస్తున్నానంటే, మిగతా చుట్లన్నీ కోసి పారేస్తున్నానన్న మాట.

1963 డిసెంబరు చివర మొదలుపెట్టి 1964 జనవరి దాకా రాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ళ అమెరికన్ విద్యార్థి ప్రయోగం పేరిట 264 గంటలు, అంటే పదకొండు రోజులు మేలుకొని ఉన్నాడు. చివరికి జ్ఞాపకం తడబడింది, లేనివి ఉన్నట్టు కనిపించాయి. పెద్దవాళ్ళకు ఏడు గంటలకు తగ్గకూడదని నిద్రావైద్యులు చెబుతున్నారు. నాలుగు గంటలతో సరిపెట్టుకున్నానని గొప్పలు పోయేవాడికి ఆ లోటు తెలియదు. కత్తెరకు తెలుస్తుంది.

మధ్యే మార్గం

వేలికి కట్టు కట్టించుకుని షాపులో ఖాళీగా కూర్చున్న రోజున, చిన్నప్పుడు మదరసాలో విన్న ఒక హదీసు గుర్తొచ్చింది. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (ర) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులతో గడుపుతున్నారని దైవప్రవక్త ముహమ్మద్ (స)కు తెలిసింది. మెచ్చుకుంటారనుకుంటే, ఆయన వారించారు. నీ శరీరానికి నీ మీద హక్కు ఉంది, నీ కళ్ళకు హక్కు ఉంది, నీ భార్యకు, నీ అతిథికి హక్కు ఉంది అన్న భావంతో బోధించారు. ఆరాధన కోసమే అయినా కంటి హక్కును కాజేయవద్దన్నప్పుడు, నాలుగు యూనిఫారాల కోసం నేనెలా కాజేయగలను?

రెండో ప్రయోగం అక్కడ మొదలైంది. ఇషాకు ముందు నిద్రపోవడం, ఇషా తర్వాత కబుర్లతో కూర్చోవడం దైవప్రవక్త (స)కు ఇష్టం ఉండేవి కావు. నేను దానినే పట్టుకున్నాను. షాపు ఎనిమిదింటికే కట్టేశాను. "ఏం సాయిబూ, ఇంత పెందలాడే?" అని గిరాకీలు అడిగారు. తొమ్మిదిన్నరకు పడక, నాలుగు దాటాక మెలకువ. ఫజ్ర్ చేసి ఐదున్నరకే మిషన్ ముందు కూర్చున్నాను. రాత్రి బల్బు కింద మూడు గంటల పని తెల్లవారు వెలుగులో రెండు గంటల్లోనే అయింది.

తగ్గిన నిద్రను జుహర్ తర్వాత కునుకుతో పూడ్చాను. దీనినే ఖైలూలా అంటారు. దివ్య ఖురాన్ నూర్ సూరాలో కూడా మధ్యాహ్నపు విశ్రాంతి వేళ ప్రస్తావన ఉంది. ఇరవై, ముప్పై నిమిషాలైతే ఒళ్ళు తేలికపడింది. ఒకసారి గంటన్నర పడుకుంటే లేచాక తల దిమ్మెక్కింది, రాత్రి పదకొండైనా నిద్ర పట్టలేదు. నోటుబుక్కులో ఆ రోజు పక్కన అమ్మాయి ఎర్ర సిరాతో చుక్క పెట్టింది.

ఫజ్ర్ కోసం నిద్రను విరగ్గొడితే ఆరోగ్యం పాడవుతుందా? ఈ అనుమానం చాలామందికి ఉంది. సౌదీ అరేబియాలో రియాద్‌లోని కింగ్ సౌద్ విశ్వవిద్యాలయానికి చెందిన నిద్రావైద్యుడు అహ్మద్ బాహమ్మామ్, ఆయన సహచరులు దీనినే పరీక్షించి 2012లో ప్రచురించారు. ఒకే బిగిన పడుకున్నా, ఫజ్ర్‌కు లేచి మళ్ళీ పడుకున్నా, మొత్తం గంటలు సమానంగా ఉంటే పగటి మగతలో తేడా కనిపించలేదు. పరీక్షించింది కొద్దిమంది ఆరోగ్యవంతులైన పురుషులనే కనుక అందరికీ వర్తిస్తుందని చెప్పలేం. అమెరికాలో థామస్ వేర్ అనే పరిశోధకుడు కొందరిని నాలుగు వారాల పాటు రోజుకు 14 గంటల చీకటిలో ఉంచితే, వారి నిద్ర తనంతట తానే రెండు ముక్కలైందని 1992లో తెలియజేశాడు. నిద్రను విరవడం వేరు, తగ్గించడం వేరు. ముప్పు తగ్గించడంలోనే ఉంది.

తహజ్జుద్‌కు లేవాలని నాకూ ఉండేది. హజ్రత్ దావూద్ (అ) సగం రాత్రి నిద్రించి, మూడో వంతు నమాజులో నిలబడి, మళ్ళీ ఆరో వంతు నిద్రించేవారని హదీసులో ఉంది. అందులోనూ రాత్రిలో మూడింట రెండు వంతులు నిద్రకే దక్కింది. మా ప్రాంతంలో జూన్‌లో ఇషా వేళకూ ఫజ్ర్ వేళకూ నడుమ ఎనిమిది గంటలే ఉంటాయి. డిసెంబరులో పది దాటతాయి. అందుకే తహజ్జుద్‌ను చలికాలానికి ఉంచుకున్నాను. వేసవిలో వారానికి ఒకటి రెండు రాత్రులతో తృప్తిపడ్డాను.

సుల్తాను రాసుకున్న కలలు

ఇక కలల లెక్క. కలలు రాసుకోవడం మనకు కొత్త కాదు. మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ తన కలలను పర్షియన్ భాషలో స్వహస్తంతో రాసుకున్నాడు. 1785 నుంచి 1798 దాకా వచ్చిన 37 కలలు అందులో ఉన్నాయి. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయి సుల్తాన్ వీరమరణం పొందాక, ఆ పుస్తకం ఆయన శయనాగారంలో ఆంగ్లేయులకు దొరికింది. ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఆ కలల్లో ఆంగ్లేయులు, మరాఠాలు, నిజాం, యుద్ధాలు పదేపదే వస్తాయి. పగలు ఆయన మనసును తినేస్తున్నవే రాత్రి కలలుగా వచ్చాయనిపిస్తుంది. కొన్నింటికి ఆయనే అర్థం రాసుకున్నాడు. అయినా కలలు ఆయన కోటను కాపాడలేదు. ఆయన మనసు ఎలా ఉండేదో మాత్రం మనకు చెబుతున్నాయి.

మా పుస్తకంలోనూ అదే తేలింది. ఎన్నింటికి పడుకున్నాం, రాత్రి ఏం తిన్నాం, పగలు మనసులో ఏముంది, కలలో ఏం కనిపించింది అని నాలుగు గీతలు గీశాం. లేవగానే, నోరు విప్పక ముందే రాయాలి. వజూకి వెళ్ళొచ్చేలోపు సగం కల జారిపోతుంది. నా కలల్లో ఎక్కువ భాగం గుండీలు, కాజాలు, సమయానికి అందని బట్టలే. నాలుగు గంటలే పడుకున్న ఆ పదకొండు రోజుల్లో గుర్తున్న కల ఒక్కటే. సరిగా పడుకోవడం మొదలెట్టాక దాదాపు రోజూ ఏదో ఒకటి గుర్తుంది.

దాదీ పేజీలు

అమ్మీ చెబుతుంటే అమ్మాయి రాసేది. నలభై రాత్రుల్లో నీళ్ళ కల ఐదుసార్లు వచ్చింది. మొదటి రెండుసార్లు నీళ్ళలో ఉన్నది మా అమ్మాయి. మూడోసారి రాస్తూ అమ్మాయి అడిగింది: "దాదీ, నేను ఏ బట్టల్లో ఉన్నాను?"

అమ్మీ కళ్ళు మూసుకుంది. "నిక్కరు" అంది. కాసేపాగి, "నువ్వు కాదు. పిల్లాడు" అంది.

ఆ రోజు మాకు తెలిసింది. అమ్మీకి తొమ్మిదేళ్ళప్పుడు, ఆరేళ్ళ తమ్ముడు ఊరి చెరువులో జారిపోయాడట. గట్టు మీద ఉన్నది అమ్మీ ఒక్కతే. చెయ్యి చాపింది, అందలేదు. అరవై ఏళ్ళుగా ఆ సంగతి ఆమె మాకెవరికీ చెప్పలేదు. ఇంట్లోంచి ఒక పిల్ల దూరం వెళుతోందనగానే, ఆ చెరువు మళ్ళీ కలలోకి వచ్చింది. జరగబోయేదనుకున్న కల, ఎప్పుడో జరిగిపోయినదట.

కలలు మూడు రకాలని దైవప్రవక్త (స) తెలియజేశారు. అల్లాహ్ తరఫున వచ్చే శుభవార్త ఒకటి, షైతాన్ పెట్టే దిగులు ఒకటి, మనిషి తన మనసుతో తానే మాట్లాడుకునేది ఒకటి. కలవరపెట్టే కల వస్తే అల్లాహ్ శరణు కోరి, ఎడమ పక్కకు మూడుసార్లు ఉమ్మినట్టు ఊది, పక్క మార్చి పడుకోవాలి. ఎవరికీ చెప్పకూడదు. అది హాని చేయదు. మంచి కలనైనా ప్రేమించేవారికే చెప్పాలి. హజ్రత్ యూసుఫ్ (అ)కు ఆయన తండ్రి చేసిన హితవు కూడా, కలను సోదరుల ముందు బయటపెట్టవద్దనే.

మరి చెప్పకూడని కలను మేము రాయించామే అని నాకూ సంకోచం కలిగింది. అది ఊళ్ళో చాటడానికి కాదు, ఒక తల్లి గుండెలోని బరువును ఇంట్లోనే దించడానికి అని సమాధానపడ్డాను. ఆ పేజీలు తర్వాత అమ్మీ చేతికే ఇచ్చేశాం.

బజారులో దొరికే కలల పుస్తకాల గురించీ ఒక మాట. చాలావాటి మీద ఇబ్ను సీరీన్ పేరు ఉంటుంది. ఆయన బస్రా నగరంలో వస్త్ర వ్యాపారి, మహా విద్వాంసుడు, హిజ్రీ 110లో కన్నుమూశారు. ఆ పుస్తకాలు ఆయన రాసినవి కావనీ, తర్వాతి కాలంలో కూర్చినవనీ పరిశోధకుల అభిప్రాయం. అజాన్ చెబుతున్నట్టు కల కన్న ఇద్దరికి ఆయన రెండు వేర్వేరు అర్థాలు చెప్పారని ఒక కథ ప్రచారంలో ఉంది. కల చూసి కాదు, మనిషిని చూసి చెప్పారన్న మాట. అచ్చుపుస్తకానికి మనిషి కనపడడు.

అలాగే ఇస్తిఖారా చేస్తే కలలో జవాబు రావాలని చాలా ఇళ్ళల్లో నమ్ముతారు. సంబంధాలూ, చదువులూ అలా ఆగిపోతుంటాయి. రెండు రకాతులు చదివి, ఇది మేలైతే సులభం చేయి, కీడైతే దూరం చేయి అని వేడుకోవడమే ఆ హదీసులో ఉంది. కల మాట అందులో లేదు. తెలుసుకుని, పెద్దలతో సంప్రదించి, వేడుకుని, అడుగు వేయాలి.

చివరి రాత్రి

నలభయ్యో రోజు అమ్మీ పుస్తకమంతా చదివించుకుంది. "నీకు ఈత వచ్చా?" అని మనవరాలిని అడిగింది. రాదంది. "సెలవులకు వచ్చినప్పుడు నేర్చుకో. రోజూ ఇషా తర్వాత ఫోన్ చెయ్యి" అంది. అంతే. మర్నాడు ఫీజు కట్టాం.

అమ్మాయి ఇప్పుడు హాస్టల్లో ఉంది. నా వేలి మచ్చ మానిపోయింది. షాపు ఎనిమిదింటికే కడుతున్నాను. గిరాకీ ఒక్కటీ పోలేదు. అమ్మీకి ఆ కల ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. ఎడమ పక్కకు ఊది, పక్క మార్చుకుని పడుకుంటుంది. ఉదయం లేచి తమ్ముడి కోసం దుఆ చేస్తుంది.

పాఠక సోదర సోదరీమణులారా! మీరూ ఒక నోటుబుక్కు పెట్టి చూడండి. సరిపడా పడుకున్నా పగలు మగత వీడకపోతే, గురకతో ఊపిరి ఆగుతున్నట్టుంటే, భయంకరమైన కలలు రోజూ తరుముతుంటే డాక్టరును కలవండి. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు వేళలు మార్చే ముందు వైద్యుణ్ణి అడగండి. మిగిలినవారికి నా అనుభవం ఒక్కటే చెబుతుంది. ఇంట్లో ఎవరైనా కల చెప్పి భయపడితే, కొట్టిపారేయకండి, ఆజ్ఞగా తీసుకోకండి. పక్కన కూర్చుని, ఆ కలలో ఎవరున్నారో నెమ్మదిగా అడగండి.