ఓడ భద్రతా పత్రంపై అబద్ధమాడితే

దేశం దాటి ప్రయాణించే ప్రయాణికుల ఓడలన్నింటికీ, 500 గ్రాస్ టన్నేజీ, ఆపైన ఉన్న సరుకు ఓడలకూ అంతర్జాతీయ ఓడ భద్రతా ధ్రువపత్రం తప్పనిసరి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, 2002 డిసెంబర్‌లో లండన్‌లో ఆమోదం పొందిన ఐఎస్‌పీఎస్ (అంతర్జాతీయ ఓడలు, రేవుల భద్రతా) కోడ్ ఈ నియమాన్ని తెచ్చింది. 2004 జులై 1 నుంచి అది అమల్లో ఉంది. పరాయివాళ్లు చొరబడకుండా, ఆయుధాలు ఓడెక్కకుండా తగిన ప్రణాళిక ఉందనీ, సిబ్బంది దాన్ని పాటిస్తున్నారనీ తనిఖీ చేసి, ఓడ నమోదైన దేశం ఈ పత్రం ఇస్తుంది. గడువు గరిష్ఠంగా ఐదేళ్లు.

ఆ ప్రణాళిక రహస్యం. రేవులో ఓడెక్కే విదేశీ అధికారికి మామూలుగా దాన్ని చూపించరు. కాబట్టి ఆయన పత్రాన్నీ, రికార్డులనూ, కెప్టెన్ మాటనూ నమ్మాల్సిందే. ఇక్కడ అబద్ధం ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. గడువు తేదీ దిద్దడం, ఓడ ఆగిన చివరి పది రేవుల జాబితాలో ఒకదాన్ని దాచడం, మూడు నెలలకోసారైనా జరగాల్సిన భద్రతా డ్రిల్లు జరగకుండానే జరిగినట్లు రాయడం, ఇవన్నీ అబద్ధాలే. ఆరు నెలల తాత్కాలిక పత్రాన్ని అసలు తనిఖీ తప్పించుకోవడానికి మళ్లీ మళ్లీ తీసుకోవడాన్ని కోడే నిషేధించింది.

అనుమానానికి గట్టి ఆధారం దొరికితే ఓడను వెతకొచ్చు, ఆపేయొచ్చు, రేవు నుంచి పంపించేయొచ్చు. ఇది ఓడకు పడే దెబ్బ. మనిషికి పడే శిక్ష రేవు ఉన్న దేశపు క్రిమినల్ చట్టాన్ని బట్టి ఉంటుంది.

అమెరికాలో ఈ చట్టం చాలా కఠినం. అక్కడికి వచ్చే ఓడలు సాధారణంగా 96 గంటల ముందే భద్రతా పత్రం వివరాలు పంపాలి. ప్రభుత్వ వ్యవహారంలో ముఖ్యమైన విషయంపై తెలిసీ అబద్ధం చెబితే ఐదేళ్ల వరకు జైలు, ఉగ్రవాదంతో సంబంధముంటే ఎనిమిదేళ్ల వరకు. జరిమానా వ్యక్తికి రెండున్నర లక్షల డాలర్లు, సంస్థకు ఐదు లక్షల డాలర్ల దాకా ఉండొచ్చు. ప్రమాణం చేసి చెప్పనక్కర్లేదు, మామూలుగా చెప్పినా నేరమే. నిజాన్ని పన్నాగంతో దాచినా అంతే. అయితే పొరపాటున తేదీ తప్పు రాసినవాడు ఈ నేరం కిందికి రాడు. బుద్ధిపూర్వకంగా చేశాడని ప్రాసిక్యూషన్ నిరూపించాలి. ఈ తేడా ఉండటం న్యాయమే. అది లేకపోతే నావికులు కాగితం ముట్టుకోవడానికే భయపడతారు.

భారతదేశంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ పనికి వస్తుంది. చట్టప్రకారం ఇవ్వాల్సిన ధ్రువపత్రంలో ముఖ్యమైన విషయం అబద్ధమని తెలిసీ సంతకం చేయడం 234వ సెక్షన్ కింద నేరం. అలాంటి పత్రాన్ని తెలిసీ నిజమైనదిగా వాడుకోవడం 235 కింద నేరం. రెండింటికీ అబద్ధ సాక్ష్యానికి ఉన్న శిక్షే. కోర్టు విచారణకు సంబంధించనిదైతే మూడేళ్ల వరకు జైలు, జరిమానా.

విశాఖ, కాకినాడ రేవులకు వచ్చే విదేశీ ఓడల్లో అబద్ధపు ధ్రువపత్రంపై తెలిసీ సంతకం చేసే, లేదా దాన్ని వాడే జూనియర్ అధికారికీ ఈ సెక్షన్లు వర్తిస్తాయి. కంపెనీ చెప్పింది కాబట్టి సంతకం పెట్టానన్న మాట తెలిసీ చేసిన తప్పును మాఫీ చేయదు.