బడులు తెరిచే వేళ రాత్రి భోజనం

వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే రోజులు ప్రతి గృహానికీ ఒక చిన్న పరీక్షాకాలం. నెలన్నర పాటు పిల్లలు ఎప్పుడు లేచినా, ఎప్పుడు భుజించినా అడిగేవారుండరు. అమ్మమ్మగారింట మామిడిపండ్లు, పెళ్లిళ్లలో పిండివంటలు, రాత్రి పదింటికి భోజనం, మిద్దెపై పన్నెండింటికి నిద్ర. జూన్ 12 ప్రాంతంలో బడిగంట మ్రోగగానే ఇదంతా ఒక్క రాత్రిలో మారాలని తల్లిదండ్రులు ఆశిస్తారు. శరీరం అంత త్వరగా మారదు.

ముద్దనూరులో దశాబ్దాలుగా వైద్యవృత్తిలో ఉన్న నాకు జూన్ మూడో వారంలో ఎవరు వస్తారో ముందే తెలుసు. “పొద్దున్నే కడుపునొప్పి అంటాడు, టిఫిను ముట్టడు, బడికి పోనంటాడు సామీ” అంటూ తల్లులు బిడ్డలను వెంటబెట్టుకొని వస్తారు. బడి ఎగ్గొట్టే సాకని తండ్రి అప్పటికే రెండు దెబ్బలు వేసి ఉంటాడు. నాడి, నాలుక పరీక్షించి నేను అడిగే మొదటి ప్రశ్న: “రాత్రి ఎన్ని గంటలకు తిన్నాడు?” పది దాటిందనే జవాబే తరచుగా వస్తుంది. రాత్రి తిన్నది పూర్తిగా జీర్ణం కాకముందే తెల్లవారి లేపి, ఏడున్నరకు నాలుగు ఇడ్లీలు పెడితే ఆ పసివాడు ఏం చేయగలడు? అది సాకు కాదు, అజీర్ణం.

గురుకులంలో మా గురువుగారు చరకసంహిత చెప్పేటప్పుడు ‘పాదాంశిక క్రమం’ అనే విషయాన్ని పదే పదే వల్లె వేయించేవారు. పాదం అంటే నాలుగో వంతు. అలవాటైన అపథ్యాన్ని ఒక్కసారిగా మానరాదు. నాలుగో వంతు చొప్పున విడుస్తూ, ఆ స్థానంలో పథ్యాన్ని అంతే చొప్పున చేర్చుకోవాలి. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎడం ఉండాలి. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో చెప్పినదీ ఇదే. పైగా గ్రీష్మం ఆదానకాలంలో చివరి ఋతువు కనుక అప్పటికి దేహబలం క్షీణించి ఉంటుంది. వెనువెంటనే వచ్చే వర్షర్తువులో జఠరాగ్ని మరింత మందగిస్తుంది. హఠాత్తుగా మార్పులు చేయడానికి ఇది తగిన కాలం కాదు.

కనుక ముందుగా వేళను సరిచేయండి. పదింటికి తినే ఇల్లు ఎనిమిదింటికి రావాలంటే రెండు గంటల తేడా. అందులో పాదం అరగంట. రెండేసి రోజులకు అరగంట చొప్పున ముందుకు జరిపితే ఎనిమిది రోజుల్లో పని పూర్తవుతుంది. బడి తెరవడానికి వారం ముందే ఆరంభించడం ఉత్తమం. ఇప్పటికే తెరిచి ఉన్నా ఫరవాలేదు, నేటి రాత్రే మొదలుపెట్టండి.

వేళ కుదిరాక వంట. మన సీమలో తరతరాలుగా వండుకునే పులగమే ఇందుకు శ్రేష్ఠం. పప్పుధాన్యాలలో పెసలు తేలికగా జీర్ణమవుతాయని శాస్త్రవచనం. రెండు గ్లాసుల పాతబియ్యానికి ఒక గ్లాసు పొట్టు పెసరపప్పు తీసుకోండి. పప్పును దోరగా వేయించి, బియ్యంతో కలిపి కడిగి, పన్నెండు గ్లాసుల నీటిలో చిటికెడు పసుపు వేసి మెత్తగా ఉడికించండి. చివర ఉప్పు కలిపి, నేతిలో జీలకర్ర, దంచిన మిరియాలు, కరివేపాకు, అల్లం తాలింపు పెట్టండి. చెనిక్కాయల పచ్చడి లేనిదే పులగమా అంటారు! రాత్రిపూట ఒక చెంచా మాత్రమే వేసుకొని, పక్కన బీరకాయ కూరో, సొరకాయ కూరో పెట్టుకోండి.

మరొక రాత్రి మిరియాల చారన్నం, ఇంకొక రాత్రి ఆకుకూర పప్పుతో మెత్తని రాగి సంగటి, వేరొక నాడు నెయ్యి రాసిన జొన్నరొట్టె. జొన్న రూక్షగుణం కలది కనుక నెయ్యి మానవద్దు. రాత్రి పెరుగు శాస్త్రసమ్మతం కాదు. పల్చని మజ్జిగ పుచ్చుకోండి. ఉదరంలో రెండు భాగాలు ఘనాహారానికి, ఒక భాగం ద్రవానికి కేటాయించి, నాలుగో పాదం ఖాళీగా ఉంచాలని వాగ్భటుని ఉపదేశం. పిల్లవాడు చాలంటే బలవంతం చేయకండి.

మా పక్కనే ఉన్న రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రంలో 1994లో తొలి యూనిట్ మొదలైనప్పటి నుంచీ ఈ ప్రాంతపు ఎన్నో ఇళ్లకు షిఫ్టుల జీవితం అలవాటైంది. తండ్రి రాత్రి పది దాటాక ఇల్లు చేరితే, ఆయన కోసం పిల్లలను ఆకలితో కూర్చోబెట్టడం ప్రేమే కావచ్చు, పథ్యం మాత్రం కాదు. పిల్లలకు ఎనిమిదింటికే పెట్టేయండి. ఆయన వచ్చాక తేలికగా కొంచెం పులగమో, రాగి జావో తీసుకుంటారు. అందరూ కలిసి కూర్చునే భోజనాన్ని ఆ వారం ఆదివారం మధ్యాహ్నానికి మార్చుకోండి. అగ్ని బలంగా ఉండే వేళ అది.

ఒక హెచ్చరిక. కడుపునొప్పితో పాటు జ్వరం, ఆగని వాంతులు, మలంలో రక్తం, లేదా పొట్ట కుడివైపు క్రిందిభాగంలో తీవ్రమైన నొప్పి ఉంటే పథ్యాలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్న పెద్దలు తమ వైద్యుని సలహా లేకుండా భోజనవేళ మార్చరాదు.

తక్కిన పిల్లలకు పది రోజుల ఓపికే ఔషధం. ఉదయం లేచి వాడే “ఆకలేస్తోంది” అని అడిగిన నాడు క్రమం కుదిరిందని గ్రహించండి.