ముద్ర ఆమెకే ఎందుకు? రెజిమెంటల్ బజార్ నుంచి ‘స్కార్లెట్ లెటర్’ చదివితే

నథానియల్ హాథార్న్ 1850లో ప్రచురించిన ‘ది స్కార్లెట్ లెటర్’ ఇంగ్లిష్ సాహిత్య విద్యార్థులకు పరిచయమైన నవల. వివాహేతర సంబంధం, అపరాధ భావం, విముక్తి అనే మూడు మాటల చుట్టే క్లాసులో దాన్ని చెబుతారు. దళిత స్త్రీల చరిత్ర వైపు నుంచి చదివితే మాకు ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. ముద్ర ఎవరి ఒంటి మీద పడింది? ఎవరి పేరు దాగింది?

కథ 1640ల నాటి బోస్టన్‌లో జరుగుతుంది. అది మతమే చట్టంగా నడిచే ప్యూరిటన్ల ఊరు. భర్త జాడ తెలియని హెస్టర్ ప్రిన్ అక్కడ బిడ్డను కంటుంది. ఊరి పెద్దలు ఆమెను శిక్షా వేదిక ఎక్కిస్తారు. వ్యభిచారానికి గుర్తుగా ‘ఎ’ అనే ఎర్ర అక్షరాన్ని ఎప్పటికీ రొమ్ము మీద ధరించాలంటారు. బిడ్డ తండ్రి ఎవరో ఆమె చెప్పదు. ఆ తండ్రి ఊరి పాస్టర్ డిమ్స్‌డేల్. పేరు చెప్పమని ఆమెను నిలదీసిన వాళ్లలో అతనూ ఉన్నాడు. ఏడేళ్లు లోలోపల కుమిలి, చివరికి అదే వేదిక మీద నిజం ఒప్పుకుని చనిపోతాడు.

సైన్యం ఇచ్చిన టికెట్

ఇలా స్త్రీకే ముద్ర వేసే పద్ధతి మన దగ్గరా నడిచింది. సికింద్రాబాద్ 1806లో కంటోన్మెంట్‌గా మొదలైంది. రైల్వే స్టేషన్ దగ్గరి రెజిమెంటల్ బజార్ పేరులో ఆ సైనిక చరిత్ర ఇంకా ఉంది. బ్రిటిష్ ఇండియాలోని అనేక కంటోన్మెంట్లలో రెజిమెంట్ బజార్లు సరుకులతో పాటు సైనికుల కోసం స్త్రీలనూ ఉంచేవి. 1864 కంటోన్మెంట్ల చట్టం, 1868 అంటువ్యాధుల చట్టం కింద ఆ స్త్రీల పేర్లు రిజిస్టర్‌కెక్కాయి. వాళ్లకు టికెట్లు ఇచ్చారు, బలవంతంగా వైద్య పరీక్షలు చేశారు. జబ్బు ఉందంటే లాక్ హాస్పిటల్‌లో నిర్బంధించారు. ఆ రిజిస్టర్‌లో సైనికుల పేర్లు లేవు. బ్రిటన్‌లో నిరసనలు పెరిగాక 1888లో అంటువ్యాధుల చట్టం రద్దయింది.

అపరాధ భావమే లేని చోట

ఊళ్లలో ఇదే పని ఆచారం చేసింది. తెలంగాణలో జోగిని, రాయలసీమలో బసివి, చిత్తూరు వైపు మాతమ్మ అన్నారు. ఎక్కువగా మాల, మాదిగ ఆడపిల్లలకే దేవత పేరున తాళి కట్టారు.

నవలతో పోలిక ఇక్కడ ఆగిపోతుంది. డిమ్స్‌డేల్ మతం అతను చేసింది పాపమంది కాబట్టి అతను కుమిలాడు. జోగినిని వాడుకున్న ఊరి పెద్దకు ఆ బాధ లేదు, ఎందుకంటే అతను చేసిందాన్ని కులం ఆచారం అంది. చట్టమూ అలాగే చూసింది. భారత శిక్షాస్మృతి 497వ సెక్షన్ వ్యభిచారాన్ని భర్త హక్కుకు జరిగిన నష్టంగానే లెక్కేసింది. మనిషిని పెళ్లాడనివ్వని జోగిని విషయంలో ఆ సెక్షన్‌కు నేరమే కనబడదు. 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది.

హైదరాబాద్ రాష్ట్రంలో భాగ్యరెడ్డి వర్మ, అరిగె రామస్వామి వంటి ఆది హిందూ నాయకులు ఈ ఆచారం మీద పోరాడారు. ఆంధ్రప్రదేశ్‌లో దేవదాసీ నిషేధ చట్టం 1988లో వచ్చింది. అది అమ్మాయిని దేవతకు అంకితం చేయడాన్ని నేరం చేసింది. కానీ తరతరాలుగా ఆ ఆచారంతో సుఖపడిన వాళ్లు ఏ వేదికా ఎక్కలేదు.

హెస్టర్ కుట్టుపని చేసుకుంటూ, రోగులకు, పేదలకు సాయపడుతూ బతుకుతుంది. కొందరు ఆ అక్షరానికి ‘సమర్థురాలు’ అని అర్థం చెప్పుకోవడం మొదలుపెడతారు. చాలామంది విమర్శకులు దీన్నే విముక్తి అంటారు. జోగినుల విషయంలో మేం అలా అనలేం. వాళ్లు ఏ తప్పూ చేయలేదు, కడుక్కోవాల్సిన మరకా లేదు. వాళ్లకు రావలసింది భూమి, పింఛను, తండ్రి పేరు అడగకుండా పిల్లలకు సర్టిఫికెట్. ‘పునరావాసం’ అనే మాటను దయగా కాక బాకీగా చదవాలి. ఆ బాకీ ఎవరిదో పేరు పెట్టి చెప్పినప్పుడే విముక్తి గురించి మాట్లాడగలం.